ఎలుగుబంటి రాలే సార్

మీ ఇంట్లో పిల్ల ఏదైనా తప్పు చేస్తే, ఆ తప్పు దానికి ఎవరు నేర్పారని మీరు ఎప్పుడైనా వెతికారా? వెతికి ఉండరు. చేసిన చెయ్యి కళ్ళెదుట ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకుంటాం. నేర్పినవాడు ఎక్కడో ఉంటాడు. వాడి జోలికి ఎవరూ పోరు. అలా ఎక్కడో ఉండిపోయినవాణ్ణి నేను.

ఏళ్ళ తరబడి ఈ బరువును మోస్తున్నాను అని రాయబోయి ఆగాను. ఆ మాట నాకు చెల్లదు. మోసింది ఒక ఆడపిల్ల. నేను దాచాను, అంతే. దాచినవాడికి భయం తప్ప వేరే బరువు ఉండదు. తలుపు చప్పుడైతే భయం. సభలో వెనక వరసలో ఎవరైనా లేచి నిలబడితే భయం. దండెం మీద బట్టలు లేకుండా ఖాళీ తాడు వేలాడుతూ కనిపించినా భయమే. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

నా పేరు చెప్పను. దానికి కారణం కూడా భయమే. ఈ కాగితంలో మొదటి నిజం అదే కానివ్వండి.

తొంభైల్లో, మద్రాసు చెన్నై అయిన కొత్తలో, నేను ఆ ఊరి తెలుగువాళ్ళ సభల్లో మాట్లాడేవాణ్ణి. హేతువాదిని. చేతబడి, తాయెత్తు, దిష్టి, మంత్రం, వీటి మీద వ్యాసాలు రాసేవాణ్ణి. నాలుక మీద కర్పూరం వెలిగించుకుని చూపించి, ఇందులో మహిమ ఏముందో చెప్పమని జనాన్ని సవాలు చేసేవాణ్ణి. మా హేతువాద సభల్లో పెద్దలు నాకు నేర్పింది ఒక్కటే. ఎవరేం చెప్పినా ఆధారం అడుగు. అందరినీ అడిగాను. నన్ను అడిగే రోజు వస్తుందని మాత్రం అనుకోలేదు.

పురసవాక్కంలో ఒక బట్టల కొట్టు మేడ మీద నా గది. ఇంటివాళ్ళ పిల్లలు సాయంత్రాలు కేబుల్ టీవీలో తెలుగులోకి మార్చిన బొమ్మల సీరియళ్ళు చూసేవాళ్ళు. నేనూ వాళ్ళ వెనక కూర్చునేవాణ్ణి. మొదట సరదాకే. ఒక కోతి మెడలో ఎర్ర గుడ్డ ఉంటుంది, గడప దాటి లోపలికి వచ్చేసరికి అది నీలం అయిపోతుంది. కిటికీ బయట మంచు కురుస్తూ ఉంటే లోపల పిల్లాడు ‘ఎండాకాలం సెలవులు’ అంటాడు. అనువాదం చేసినవాళ్ళకు సెలవులంటే ఎండాకాలమే మరి. ఒక వారం తాతయ్యగా ఉన్న తాబేలు మరుసటి వారం అమ్మమ్మ అయిపోతుంది. ఇలాంటివి ఏరి ఒక చిన్న మాసపత్రికలో రాయడం మొదలుపెట్టాను. చేతబడి మీద నేను రాసినవాటికన్నా జనం వీటినే ఎక్కువ చదివారు. అది నాకు కొంచెం నొచ్చింది. అంతకన్నా ఎక్కువ రుచించింది.

దీనికో సిద్ధాంతం కూడా కట్టుకున్నాను. తెర మీద గుడ్డ రంగు మారితే పట్టుకోగలిగిన పిల్ల, రేపు బాబా చేతిలోకి విబూది ఎలా వచ్చిందో కూడా పట్టుకోగలదని. టీవీలో చూపించిన ప్రతిదీ పిల్లలు నిజమని నమ్ముతారు కాబట్టి టీవీని కాపలా కాయాలని. ఈ రెండో వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. నేనే రాశాను. ఒకటికి పదిసార్లు రాశాను.

ఆ వ్యాసాలు చూసి వడపళనిలో ఒక డబ్బింగ్ థియేటర్ వాళ్ళు నన్ను పిలిచారు. పని తేలికే. కళాకారులు గొంతులు చెప్పడం అయిపోయాక, టేపు టీవీ వాళ్ళకు వెళ్ళేముందు, నేను కూర్చుని మొత్తం చూడాలి. మాటలో తప్పుంటే మళ్ళీ చెప్పిస్తారు. బొమ్మలో తప్పుంటే ఆ ముక్క తీసేస్తారు. నేను సరే అంటేనే టేపు గడప దాటుతుంది.

ఆ సీరియళ్ళకు తెలుగు మాటలు రాసేది ఒకావిడ. కనకక్క అంటాను, అది అసలు పేరు కాదు. వాషర్‌మెన్‌పేట్‌లో తరతరాలుగా పప్పుల వ్యాపారం చేస్తున్న తెలుగువాళ్ళ ఇంటి మనిషి. తెర మీద బొమ్మ నోరు ఎంతసేపు ఆడితే మన మాట అంతసేపే ఉండాలి. ఆ కొలతకు మాటలు సరిపెట్టడంలో ఆవిడది గొప్ప చెయ్యి. పైకి చదువుకుంటూ, వేళ్ళతో బల్ల మీద తాళం కొట్టుకుంటూ రాసేది. నన్ను ‘తప్పుల తమ్ముడు’ అనేది.

ఒక సీరియల్లో అడవి జంతువులన్నీ ఊరు కట్టుకుని ఉంటాయి. ఉడుతా నక్కపిల్లా స్నేహితులు. ఎలుగుబంటి ఆ ఊరికి డాక్టరమ్మ. ఒక భాగంలో నక్కపిల్లను పాము కరుస్తుంది. ఉడుత కంగారుపడి, కాలికి తీగ బిగించి కట్టి, కరిచినచోట నోటితో పీల్చి ఉమ్మి, ఏదో ఆకు నూరి పెడుతుంది. నక్కపిల్ల కళ్ళు మూసుకుంటుంది. అప్పుడు ఎలుగుబంటి పరిగెత్తుకుంటూ వస్తుంది. ‘ఇలా కట్టకూడదు, కాలు పోతుంది. నోటితో పీల్చకూడదు, ఆకు పెట్టకూడదు. కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి’ అని ఉడుతకు చెబుతుంది. నక్కపిల్లను బండిలో పడుకోబెట్టి తీసుకుపోతుంది. తర్వాత నక్కపిల్ల తెల్ల దుప్పటి కింద కళ్ళు తెరిచి నవ్వుతుంది. ఆ కథ మొత్తం ఎలుగుబంటి చెప్పే ఆ నాలుగు మాటల కోసమే గీశారు.

నేను చూసింది వేరే. పాము కరిచింది ఎడమ కాలిని. ఎలుగుబంటి వచ్చిన దగ్గర్నుంచి బండి ఆసుపత్రి చేరేదాకా తీగ కుడి కాలికి ఉంది. గీసినవాళ్ళెవరో బొమ్మను అద్దంలో చూపినట్టు తిప్పేశారు. టేపు ఆపి, వెనక్కి తిప్పించి, మళ్ళీ ఆపి చూశాను. ఇక్కడ ఎడమ. ఇక్కడ కుడి. దొంగ చెయ్యి పట్టుకున్నంత ఆనందం కలిగింది నాకు. ఆ ముక్క మొత్తం తీసేయమన్నాను. ఎడిటర్ వెంటనే తీసేశాడు. ప్రకటనలకు ఎలాగూ చోటు కావాలి, ఆయనకు అది కలిసొచ్చింది.

తీసేశాక మొదటినుంచి వేసి చూశాం. ఉడుత తీగ కట్టింది. పీల్చింది. ఆకు పెట్టింది. నక్కపిల్ల కళ్ళు మూసుకుంది. తెల్ల దుప్పటి కింద కళ్ళు తెరిచి నవ్వింది.

నాకు అర్థమైంది. ఎప్పుడో తర్వాత తెలిసిందని చెప్పుకోవచ్చు, మీరు నమ్ముతారు కూడా. కాని అప్పుడే, ఆ కుర్చీలోనే అర్థమైంది. నక్కపిల్ల నవ్వగానే కుర్చీలో ముందుకు వంగాను. నోరు తెరిచాను కూడా. ఏమని చెప్పాలి? ఇందాక నేను తీయించిన ముక్క మళ్ళీ పెట్టమనాలి. పెడితే కుడి కాలు తెర మీదికి వస్తుంది. తప్పుల తమ్ముడు చూసిన టేపులో అంత పెద్ద తప్పు. నన్ను పరిహసించడానికి ఎదురుచూస్తున్నవాళ్ళు తక్కువమంది కాదు. పోనీ, బొమ్మల కథ చూసి పిల్లలు వైద్యం చేస్తారా ఎక్కడైనా, అనుకున్నాను. అవును, నేనే అనుకున్నాను. టీవీని కాపలా కాయాలని రాసిన చెయ్యి నాదే, ఆ మాట అనుకున్న బుర్ర నాదే. రెండూ ఒకే ఒంట్లో ఎలా ఉన్నాయని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూ ఉంటాను. జవాబు తెలుసు గనకే అడగడం ఆపలేను. నాకు సరైనదాని మీద ప్రేమ లేదు. తప్పు పట్టినవాడు అనిపించుకోవడం మీద ఉంది.

మెట్లు దిగుతుంటే కనకక్క ఎదురైంది. కింది మెట్టు మీద ఆగి, రొప్పు తీర్చుకుంటూ అడిగింది.

“ఏం తమ్ముడూ, ఈ వారం ఎన్ని పట్టినావు?”

“ఒకటే అక్కా. తీయించేశాను.”

“నాదా, బొమ్మదా?”

“బొమ్మదే. నీ మాటల్లో తప్పేం లేదు.”

“అట్లయితే నేను పైకెక్కి చూసే పని లేదు పా. మోకాళ్ళు మొత్తుకుంటా ఉండాయి. నువ్వు చూస్తే దేవుడు చూసినట్టే గదా. కొబ్బరికాయ మిగిలె.”

నేను నవ్వాను. దేవుడు లేడని ఊరూరా చెప్పేవాణ్ణి, దేవుడితో సమానం చేస్తే కాదనలేదు. ఆవిడ మోకాళ్ళు ఆ రోజు బాగుండి ఉంటే, పైకెక్కి చూసి ఉంటే, తన ఎలుగుబంటి ఏమైందని అడిగి ఉండేది. కాని నా పనిని ఆవిడ మోకాళ్ళ మీద పెట్టడానికి నాకేం హక్కుంది?

టేపు వెళ్ళింది. టీవీలో వచ్చింది. పిల్లలకు నచ్చిందని కొన్నాళ్ళకు మళ్ళీ వేశారు.

ఆ వానాకాలం పెరంబూరులో రైల్వే వర్క్‌షాపు తెలుగువాళ్ళు నన్ను సభకు పిలిచారు. పాముకాటుకు మంత్రాలు వేయించడం మీద మాట్లాడమన్నారు. అంతకుముందు ఏడాది కూడా అక్కడ మాట్లాడాను, మంచి పేరు వచ్చింది. ఆ రోజూ బాగానే మాట్లాడాను. మంత్రం వేసేవాడి దగ్గర పోగొట్టుకున్న ప్రతి నిమిషం ప్రాణంలోంచి తీసి ఇచ్చిందేనని చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఇక ప్రశ్నలు అడగండి, ప్రశ్నే మనకు దీపం అన్నాను.

వెనక వరసలో ఒకాయన లేచాడు. వర్క్‌షాపులో ఫిట్టరు. పేరు నాకు తెలుసు, రాయను. పక్కన పదేళ్ళ కూతురు. రెండు జడలు, నీలం రిబ్బన్లు.

“నేనొకటి అడగొచ్చా సార్?”

“అడగడానికే గదా ఈ సభ.”

“మేం మంత్రగాడింటికి పోలే సార్. పోయినేడు మీరు ఈడికొచ్చి చెప్పినప్పట్నించి మా ఇంట్లో అదంతా లేదు. మా ఇంటిదాని మెళ్ళో తాయెత్తు నేనే తెంపినా. పోయిన నెల కొళాయి కాడ మా చిన్నదాన్ని పాము కరిచింది. నేను డ్యూటీలో ఉండా. వాళ్ళమ్మ అంగడికి పోయింది. ఈ పెద్దది ఒకతే ఉండె. ఇది టీవీలో చూసినట్టే చేసింది సార్. దండెం తాడు తెంచి కాలికి కట్టింది, నోటితో పీల్చింది, ఆకు నూరి పెట్టింది. మంచం మీద పడుకోబెట్టి తెల్ల దుప్పటి కప్పింది. కప్పి పక్కన కూచోనుంది, కళ్ళు తెరిచి నవ్వుతాదని. ఆ నక్కపిల్లకి బాగయిపోయె. మా చిన్నది బతికింది గాని పాదం తీసేసినారు. ఏడ తప్పు జరిగింది సార్? సైన్సే గదా చేసినాం?”

ముందు వరసలో ఎవరో పక్కవాడితో అన్నాడు, అందరికీ వినబడింది. “నక్కకు చేసే వైద్యం మనిషికి చేసినారంట పా.” కొందరు నవ్వారు. ఆ పిల్ల నవ్వినవాళ్ళ వైపు చూడలేదు. నా వైపే చూస్తోంది.

మీరైతే ఏం చేసేవాళ్ళు? మైకు నా చేతిలోనే ఉంది. వేదిక మీద నా వెనక గోడకు నా పేరు పెద్ద అక్షరాలతో కట్టి ఉంది. ఒక్క వాక్యం చాలు. ‘తప్పు జరిగింది నా దగ్గర’ అంటే చాలు. ఆ వాక్యం నా నోటిదాకా వచ్చిందని రాయాలని ఉంది. రాలేదు. నోటిదాకా వచ్చింది ఇంకొకటి.

“అమ్మా, నువ్వు ఆ కథ చివరిదాకా చూశావా?”

“చూసినా సార్.”

“మధ్యలో లేచి వెళ్ళావా?”

“పోలే సార్. మళ్ళా వేసినప్పుడు కూడా చూసినా.”

“సరిగ్గా చూసి ఉండవు. ఆ కథలో ఎలుగుబంటి వస్తుంది. అలా కట్టకూడదు, పీల్చకూడదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి అని చెబుతుంది.”

“ఎలుగుబంటి రాలే సార్.”

“వస్తుంది. నేను చూశాను.”

“రాలే సార్.”

తండ్రి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేశాడు. “ఊరుకోమ్మా. సార్ చూసినా అని చెప్తా ఉండారు గదా. నువ్వే చూసుండవు.”

ఆ పిల్ల కూర్చుంది. నేను జనం వైపు తిరిగి, సగం చూసి సగం వినడం ఎంత ప్రమాదమో చూడండని రెండు ముక్కలు చెప్పాను. చప్పట్లు కొట్టారు.

గమనించారా, నేను చెప్పినదాంట్లో అబద్ధమంటూ ఒక్కటి లేదు. ఆ కథలో ఎలుగుబంటి వస్తుంది. నేను చూశాను. నా జీవితంలో ఆడిన అబద్ధాలన్నిటికన్నా ఆ నిజం నీచమైంది. ఆ సభలో చూసింది చూసినట్టు చెప్పిన మనిషి ఒక్కతే. ఆధారం మీద నిలబడ్డదీ ఒక్కతే. హేతువాదులందరం కలిసి ఆమెను కూర్చోబెట్టాం.

గేటు దగ్గర ఆ తండ్రి నాకోసం ఆగి ఉన్నాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

“తప్పు ఏడుండాదో తెలీక తలకాయ పగిలిపోతా ఉండె సార్. ఇప్పుడు తెలిసింది. చిన్నపిల్ల, చూసుకోలే. దీన్ని ఏమీ అనను సార్. అనేదానికి ఏముంది, ఇదే ఇప్పుడు దేనికీ ముడెయ్యదు. జడకి రిబ్బను కూడా వాళ్ళమ్మే కట్టల్ల.”

నాకు కృతజ్ఞత చెప్పి వెళ్ళాడు. ఆయన సైకిల్ వెనక ఆ పిల్ల కూర్చుని తల తిప్పి నన్ను చూస్తూ వెళ్ళింది. ఆ చూపులో కోపం లేదు. లెక్క తేలని చూపు అది.

భయం ఆ రోజు నుంచి మొదలైంది. దాని స్వభావం చెప్పాలి మీకు. పట్టుబడతానన్న భయం ఒకటి. కనకక్క ఎక్కడైనా వింటుందేమో, ఎడిటర్‌కు గుర్తొస్తుందేమో, ఆ ఫిట్టరు ఎక్కడో అసలు టేపు చూస్తాడేమో. రెండోది ఇంకా పెద్దది. ఆ టేపు టీవీ వాళ్ళ దగ్గరే ఉంది. దాన్ని ఇంకెందరు పిల్లలు చూశారో, ఎన్ని ఇళ్ళలో దండెం తాళ్ళు ఉన్నాయో నాకు తెలియదు. థియేటర్‌కు ఫోన్ చేసి ఆ ముక్క మళ్ళీ కలపమని చెబితే సరిపోయేది. ఎందుకు కలపాలో చెప్పాలి గదా. నంబరు తిప్పుతూ తిప్పుతూ చివరి అంకె దగ్గర పెట్టేసేవాణ్ణి.

సెలవుల్లో మళ్ళీ వేస్తున్నామని ప్రకటించారు. ఆ పూట మా వీధికి కరెంటు పోవాలని కోరుకున్నాను. మా వీధికి పోతే మిగతా ఊరికి పోదని తెలుసు. అయినా కోరుకున్నాను. ఎవరిని కోరుకున్నాను? నాకు దేవుడు లేడు గదా. కరెంటు పోలేదు. ఇంటివాళ్ళ పిల్లల వెనక కూర్చుని చూశాను. నక్కపిల్ల నవ్వింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అది అయిపోయాక వాళ్ళకు పాముకాటు గురించి చెప్పాను. ఆ ఇంటి పిల్లలకు మాత్రమే చెప్పాను.

ఆ మధ్యే కనకక్క కూడా ఇంట్లో చూసిందట. “ఎలుగుబంటి మాటలు బాగా కుదిరినాయి అనుకున్నా తమ్ముడూ, తీసేసినారే” అంది. నిడివి ఎక్కువైందక్కా అన్నాను. “సరే పో, సుమ్మా రాసినట్టాయె” అని ఊరుకుంది. తను రాసింది వృథా అయిందనే అనుకుంది. వృథా అయింది ఏమిటో ఆవిడకు చెప్పలేదు. ఆవిడ పోయింది కూడా. చెప్పకుండానే పోనిచ్చాను.

సభల్లో మాట్లాడటం మానలేదు గాని, వాటి తీరు మార్చేశాను. ప్రశ్నలకు సమయం లేదనేవాణ్ణి. ముందు బస్సుకు వేళైంది అనేవాణ్ణి, తర్వాత గొంతు బాలేదు అనేవాణ్ణి. ప్రశ్నకు జంకే హేతువాది ఎవరో మీకు తెలుసు గదా, వాడు ఇంకో పేరుతో తిరిగే స్వాములవారు. నా భయానికి ఒక గౌరవమైన చొక్కా కూడా తొడిగాను. ఇది బయటపడితే ఉద్యమానికి మచ్చ వస్తుంది, మంత్రగాళ్ళు పండగ చేసుకుంటారు, అందుకే ఊరుకున్నాను అని. ఒక మఠంలో జరిగిన ఘోరాన్ని శిష్యులు సరిగ్గా ఈ మాటలతోనే దాచినప్పుడు, వాళ్ళను నిలబెట్టి కడిగేస్తూ వ్యాసం రాసింది నేనే. ఆ వ్యాసం బాగుందని ఇప్పటికీ అంటారు.

ఒకసారి పెరంబూరు క్వార్టర్స్‌కు వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. చిన్నది గుమ్మం మెట్టు మీద కూర్చుని ఏదో పాడుకుంటోంది, కాళ్ళ మీద లంగా కప్పుకుని. పెద్దది కొళాయి దగ్గర బిందె పెట్టి నిలబడి ఉంది. నన్ను గుర్తుపట్టింది. దగ్గరికి వచ్చింది.

“సార్, ఎలుగుబంటి ఏం చెప్తాది?”

ఇప్పుడు చెప్పు, అనుకున్నాను. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేవు. చెప్పాను. ఏం చెప్పానో తెలుసా? కనకక్క రాసిన మాటలు, ఒక్కటి పోకుండా. ఇలా కట్టకూడదు, కాలు పోతుంది. నోటితో పీల్చకూడదు. ఆ పిల్ల పెదవులు కదుపుతూ నేర్చుకుంది. అంతా అయ్యాక అడిగింది.

“ఇది నాకెందుకు కనపళ్ళేదు సార్?”

బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. అటు చూపించాను. ఆ పిల్ల కొళాయి కట్టడానికి వెనక్కి పరిగెత్తింది. తిరిగి వచ్చేసరికి నేను లేను. ఆ వీధి మలుపు దాకా నడిచాననుకుంటాను, తర్వాత పరిగెత్తాను. పదేళ్ళ పిల్ల నుంచి పరిగెత్తాను.

తర్వాత ఆ కుటుంబం క్వార్టర్స్ వదిలి వెళ్ళిపోయింది. ఎటు వెళ్ళారని నేను గట్టిగా అడగలేదు. అడిగితే ఎవరైనా చెప్పేస్తారేమోనని.

ఇన్నాళ్ళ తర్వాత ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నా మనసు మారిందని కాదు. ఎవరో ఇంట్లో పాత క్యాసెట్టులో దాచుకున్న ఆ భాగాన్ని ఇంటర్నెట్టులో పెట్టారు. చిన్నప్పుడు చూసినవాళ్ళంతా దాని కింద రాస్తున్నారు. ఉడుత తోక రంగు మారిందని ఒకరు, నక్కపిల్లకు దుప్పటి ఎవరు కప్పారని ఒకరు. సరదాగా తప్పులు పడుతున్నారు, ఒకప్పుడు నేను పట్టినట్టే. వాటి మధ్య ఒక ప్రశ్న ఉంది. పేరు లేదు.

‘ఇందులో ఎలుగుబంటి వస్తుందా? చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.’

ఎవరూ జవాబు రాయలేదు. వాళ్ళకు అదొక పిచ్చి ప్రశ్న. తెర మీద ఎలుగుబంటి ఊసే లేదు, ఇక ఎవరు పట్టించుకుంటారు? అది ఆమేనని నా దగ్గర ఆధారం లేదు. ఇంకెవరైనా కావచ్చు. ఇంకెవరూ కాదని నా ఒళ్ళు చెబుతోంది. తన కళ్ళెదుటే మొత్తం కథ ఉంది, మొదటినుంచి చివరిదాకా ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు, ఎలుగుబంటి రాదు. అయినా అడుగుతోంది. ఎందుకంటే ఒకప్పుడు ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, నేను చూశాను అన్నాడు. ఆమె ఇంకా తన కళ్ళను అనుమానిస్తూనే ఉంది.

జవాబు రాయబోయాను. రాసి చెరిపాను. మళ్ళీ రాశాను, మళ్ళీ చెరిపాను. ముసలి వేళ్ళకు అక్షరాలు దొరకలేదని చెప్పొచ్చు. దొరికాయి, చెరిపింది భయమే. ఇప్పుడు ఇది మీకు రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది, ఆ సంగతి దాచను. ఈ ఊపిరి నాకు చెందిందో కాదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించే హక్కు మీకు లేదు, అడిగే హక్కు నాకు లేదు.

కాని ఒక పని మీరు చెయ్యాలి. నా మాట మీద ఆధారపడి చెయ్యవద్దు. ఒక్కడి మాటను ఆధారంగా తీసుకున్నందుకే ఆమె కథ ఇలా అయింది. నక్కపిల్లను పాము కరిచిన ఆ భాగాన్ని వెతికి, మీ కళ్ళతో చూడండి. చివరిదాకా చూడండి. చూశాక, కింద ఆ ప్రశ్న దగ్గర మీ సొంత పేరుతో రాయండి. ఒకరు చాలరు, మీరంతా రాయండి.

ఎలుగుబంటి రాలేదమ్మా. నువ్వు సరిగ్గానే చూశావు.